చెవిన పడ్డ పది అంకెలు

మొన్నొక ఆదివారం పొద్దున్నే సరుకులకని మా వీధి చివరి సూపర్ మార్కెట్‌కి వెళ్ళాను. బిల్లు దగ్గర నా ముందు ఒక పెద్దావిడ ఉంది. బుట్టలో కిలో కందిపప్పు, రెండు నూనె ప్యాకెట్లు, చిన్న డబ్బా ఇంగువ. "ఫోన్ నెంబర్ చెప్పండమ్మా" అంది కౌంటర్లో అమ్మాయి, తలెత్తకుండానే. ఆవిడ కళ్ళు సగం మూసుకుని, ఎక్కం అప్పజెప్పినట్టు, రెండేసి అంకెలుగా విడగొట్టి, మధ్యలో ఒకచోట ఊపిరి తీసుకుని, పది అంకెలూ గట్టిగా చెప్పింది. కొడుకో కోడలో దగ్గర కూర్చోబెట్టి నేర్పించి ఉంటారు. తప్పు పోకుండా చెప్పగలిగినందుకు ఆవిడ ముఖంలో చిన్న తృప్తి కూడా కనబడింది. తెర మీద పేరు రాగానే ఆ అమ్మాయి దాన్నీ పైకి చదివి "మీరేనా?" అంది. ఆవిడ తలూపింది. వెనక నిలబడ్డ ఐదారుగురం అన్నీ విన్నాం.

ఇంటికొచ్చి పప్పు డబ్బాలో పోసుకుంటుంటే ఆ నెంబరు నా నాలుక మీద ఆడుతోంది. ఆవిడ విడగొట్టిన తీరులో ఏదో లయ ఉంది. ముప్ఫై ఏళ్ళు పిల్లలకి పద్యాలు చెప్పిన అలవాటు నాది, యతి స్థానం దొరికితే చాలు మనసు పట్టేసుకుంటుంది. నా సొంత తమ్ముడి నెంబరు నాకు నోటికి రాదు. ముక్కూ మొహం తెలియని మనిషి నెంబరు మాత్రం కంఠస్థం అయిపోయింది. నేను అడగలేదు, ఆవిడ నాకు ఇవ్వలేదు. అయినా నా దగ్గర ఉంది. దీన్ని ఏమనాలి? దొంగతనం కాదు. దొరికిన వస్తువూ కాదు, తిరిగిచ్చేద్దామంటే ఇవ్వడానికి లేదు.

సాయంత్రం ఒక తప్పు చేశాను. ఎందుకు చేశానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. డబ్బులు పంపే యాప్ తెరిచి ఆ పది అంకెలు కొట్టాను. ఇంటిపేరుతో సహా ఆవిడ పూర్తి పేరు వచ్చింది. ఆ నెంబరు సేవ్ చేసి వాట్సాప్‌లో చూశాను. ఫొటోలో ఆవిడ అరుగు మీద కూర్చుని ఉంది, ఒళ్ళో ఏడెనిమిదేళ్ళ మనవడు. వాడు యూనిఫాంలో ఉన్నాడు, చొక్కా జేబు మీద బడి పేరు కుట్టి ఉంది, వేళ్ళతో పెద్దది చేస్తే చదవగలిగేంత స్పష్టంగా. వెనక గేటు మీద డోరు నెంబరు. అంతా కలిపి రెండు నిమిషాలు పట్టలేదు. ఆ పిల్లాడు నా వంకే చూసి నవ్వుతున్నట్టు అనిపించి ఫోన్ బోర్లా పెట్టేశాను. తర్వాత ఆ నెంబరు తీసేశాను. తలలోంచి మాత్రం పోలేదు. ఆ వరసలో ఇంకా నలుగురున్నారు కదా, వాళ్ళలో ఎవరికైనా నాలాంటి జ్ఞాపకశక్తీ, నాకు లేని ఉద్దేశమూ ఉంటే?

మరుసటి వారం అదే కౌంటర్లో "నెంబరు ఇవ్వనమ్మా" అన్నాను. నెంబరు ఇస్తేనే సరుకు ఇస్తాం అనడం తప్పు అని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 మే నెలలో దుకాణాలకు చెప్పిన సంగతి నాకు గుర్తుంది. ఆ ధైర్యంతోనే అన్నాను. అమ్మాయి గొడవ పడలేదు. "నెంబర్ కొట్టకపోతే సిస్టం ముందుకెళ్ళదు మేడం" అంటూనే చకచకా ఏదో కొట్టేసి బిల్లు తీసింది. ఎవరి నెంబరు కొట్టావని అడిగితే "మా అన్నయ్యది" అంది, మామూలుగా. సంచీ పట్టుకుని బయటికొచ్చి ఎండలో నిలబడ్డాను. నేను కొన్న చింతపండూ, మా వారి షుగరు కోసం తీసుకున్న రాగిపిండీ, నేను చూడని ఎవరో కుర్రవాడి ఖాతాలో పడ్డాయి. నా తలుపు నేను గడియ పెట్టుకున్నాననుకుంటే పక్కింటి తలుపు తెరుచుకుంది.

మా చిన్నతనంలో తెనాలి దగ్గర పల్లెటూళ్ళో, మా నాన్న ఉత్తరం రాసేముందు చేసే మొదటి పని దేనిమీద రాయాలో నిర్ణయించుకోవడం. క్షేమ సమాచారమైతే 15 పైసల కార్డు ముక్క. పెళ్ళి సంబంధం మాటలైతే, డబ్బు సంగతైతే ఇన్‌లాండ్ కవరు. అన్నం మెతుకుతో అంచులు అతికించి, పైన బొటనవేలితో రెండుసార్లు రుద్దేవాడు. ఇంకా లోతైన సంగతులుంటే కార్డు మీదే "మిగతా విషయాలు ముఖతా" అని రాసి ఊరుకునేవాడు. కార్డును పోస్టుమాను చదువుతాడు, పక్కింటివాళ్ళు చదువుతారు, చూరు కింద ఉత్తరాల తీగకు గుచ్చాక వచ్చినవాళ్ళందరూ చదువుతారు. అది తెలిసే రాసేవాడు. ఎవరి చెవిన ఏ మాట పడవచ్చో అన్నది కలం పట్టుకోకముందే తేలిపోయేది. నేను ఫోన్లో ఏదైనా టైప్ చేసేటప్పుడు అది కార్డో కవరో నాకు తెలుస్తోందా? నా వేళ్ళకి అన్నీ ఒకేలా ఉంటాయి. పైపెచ్చు, కవరనుకుని రాసింది తర్వాతెప్పుడో కార్డుగా మారిపోవచ్చు.

ఆ పల్లెలోనే మా పక్కింటావిడ భర్త ఖరగ్‌పూర్ రైల్వేలో పనిచేసేవాడు. ఆవిడకి చదువు రాదు. ఉత్తరం వస్తే పోస్టుమానే అరుగు మీద కూర్చుని గొంతు తగ్గించి చదివిపెట్టేవాడు. ఆవిడ తలుపు చాటున నిలబడి వినేది. కొన్ని వాక్యాల దగ్గర ఆయన కళ్ళు కాగితం మీద నుంచి తీసి వీధి వైపు తిప్పుకుని, గబగబా చదివేసేవాడు. మజ్జిగ తాగి సైకిలెక్కి వెళ్ళిపోయేవాడు. ఊళ్ళో అందరి అప్పులూ, అలకలూ ఆయనకి తెలుసు. ఆయన నోటి నుంచి ఒక ఇంటి మాట ఇంకో ఇంట్లో పడిందని నేనెప్పుడూ వినలేదు. ఆ రోజులు బంగారం అని నేననను. ఆయన మంచివాడు, అంతే. ఇంకో ఊళ్ళో ఇంకో పోస్టుమాను ఎలాంటివాడో ఎవరు చెప్పగలరు? కానీ నమ్మకం పెట్టుకోవడానికి అక్కడ ఒక మొహం ఉంది, తప్పు చేస్తే నిలదీయడానికి ఒక అరుగు ఉంది.

ఈ సంగతులకు కోర్టుల్లో, పత్రికల్లో గోప్యత అనే మాట వాడతారు. మా ఇళ్ళల్లో ఆ మాట ఎవరూ అనలేదు. మాకున్నది గుట్టు. గుట్టుగా బతకడం, గుట్టు రట్టు కావడం, ఇంటి గుట్టు లంకకు చేటు. ఈ మాటంటే నాకు ఇష్టమూ ఉంది, భయమూ ఉంది. మా పెద్దమ్మ ఎడమచేతి మీద మణికట్టు నుంచి మోచేతి దాకా కాలిన మచ్చ ఉండేది. అది ఎలా వచ్చిందో ఇంటిల్లిపాదికీ తెలుసు. పిల్లలం అడిగితే అత్తయ్యలు కసిరేవాళ్ళు. గుట్టు కాపాడారు. ఎవరి గుట్టు? ఆ చెయ్యి కాల్చినవాళ్ళది. అందుకే దాచుకోవడాన్ని మెచ్చుకుంటూ ఎవరైనా మాట్లాడినప్పుడల్లా నాకు ఆ చెయ్యి గుర్తొస్తుంది. చాలాకాలం నేను దీన్ని విడదీసుకోలేకపోయాను. ఆ పెద్దావిడ నెంబరు వీధిన పడటం తప్పయితే, పెద్దమ్మ కథ వీధిన పడకపోవడం ఎందుకు తప్పు? ఇప్పుడిప్పుడే కాస్త తడుముకుంటూ అనుకుంటున్నాను. మా నాన్న ఉత్తరంలో ఏది ఎక్కడ రాయాలో మా నాన్నే ఎంచుకున్నాడు. పెద్దమ్మ మౌనాన్ని ఆమె ఎంచుకోలేదు, ఇంకొకరు ఆమె నోటి మీద పెట్టారు. కౌంటర్ దగ్గర ఆ పెద్దావిడ తన పేరును గట్టిగా చదవమనలేదు, ఇంకొకరు చదివారు. ఒకచోట మూయించారు, ఒకచోట తెరిపించారు. రెండుచోట్లా అసలు మనిషిని అడిగినవాళ్ళు లేరు.

ఒకరికి నమ్మి ఇచ్చిన కాగితం ఇచ్చాక కూడా మనదేనా అన్న ప్రశ్నకు మన తెలుగు నేల మీదే ఒక వ్యాజ్యం నడిచింది. స్టాంపుల చట్టంలోని 73వ సెక్షన్‌ను ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1986లో సవరించింది. కలెక్టర్ అనుమతి ఉన్న ఏ వ్యక్తయినా బ్యాంకులోకైనా వెళ్ళి, అక్కడున్న పత్రాలు చూసి, స్టాంపు సుంకం ఎగ్గొట్టారేమో వెతికి, కావాలంటే పట్టుకెళ్ళవచ్చన్నది దాని సారం. కెనరా బ్యాంకు దాన్ని సవాలు చేసింది. ఆ సవరణను హైకోర్టు కొట్టేసింది, హైదరాబాద్ జిల్లా రిజిస్ట్రార్, కలెక్టర్ పైకోర్టుకు వెళ్ళారు. 2004లో సుప్రీంకోర్టు కూడా బ్యాంకు వైపే నిలిచింది. ఖాతాదారు పత్రాలు బ్యాంకు చేతిలో పెట్టినంత మాత్రాన వాటి గోప్యత వదులుకున్నట్టు కాదనీ, ఆ హక్కు మనిషిని అంటిపెట్టుకుని ఉండేదే తప్ప గోడల్ని కాదనీ తేల్చింది. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఒక్కమాటగా గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించిన తీర్పు గురించి అందరికీ తెలుసు. ఆధార్‌ను సవాలు చేస్తూ ఆ కేసు వేసిన పుట్టస్వామి గారు కర్ణాటక హైకోర్టులో జడ్జిగా చేసి రిటైరైన పెద్దాయన. ఆ పెద్ద తీర్పు కన్నా ఈ బ్యాంకు కేసే నాకు దగ్గరగా అనిపిస్తుంది. ఇనప్పెట్టె ఇంకొకరిదైనా అందులో కాగితం నాదే అన్న మాట నేను రోజూ తిరిగే చోట్లకు సరిపోతుంది.

సరిపోతుంది, కానీ అక్కడ ఎవరు వింటున్నారు? కరెంటు మీటరు పేరు మార్పించడానికి ఆధార్ కాపీ కావాలంటే జిరాక్స్ షాపుకెళ్ళాను. "వాట్సాప్ చేసెయ్యండి మేడం, ప్రింట్ తీసిస్తా" అన్నాడు. పంపాను. అతని కంప్యూటర్ తెర నా వైపే తిరిగి ఉంది. ఎడమ పక్కన వరసగా ఆ రోజు వచ్చినవాళ్ళ సందేశాలు. ఎవరిదో పాన్ కార్డు, ఎవరో అమ్మాయి ఇంటర్ మార్కుల జాబితా, ఒక ముసలాయన ఆధార్, స్కానింగ్ రిపోర్టు, మళ్ళీ ఆధార్. వాటన్నిటి పైన నాది. ప్రింటయ్యాక తీసెయ్యమన్నాను. తీసేశాడు, చిన్నబుచ్చుకోలేదు కూడా. ఎవరూ అడగరు మేడం అన్నాడు. నేను మాత్రం ఎప్పుడడిగాను? 2022 మే నెలాఖరులో ఆధార్ ప్రతుల్ని ఎక్కడబడితే అక్కడ ఇవ్వొద్దని ఆధార్ సంస్థ బెంగళూరు కార్యాలయం ఒక ప్రకటన చేస్తే, జనం తప్పుగా అర్థం చేసుకునే అవకాశం ఉందని రెండు రోజులకే దాన్ని వెనక్కి తీసుకున్నారు. ఆ ప్రకటన పోయింది గానీ, చివరి నాలుగంకెలు మాత్రమే కనిపించేలా ఆధార్ దింపుకునే వీలు అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. నేనిప్పుడు చాలాచోట్ల అదే ఇస్తున్నాను. ఒకచోట తీసుకున్నారు, ఒకచోట "ఇదేంటండీ, సగం చెరిగిపోయింది" అన్నారు.

వేలిముద్రల సంగతి ఇంకా బాధ. 2018లో తెలంగాణలో ఒక కేసు బయటపడింది. సిమ్ కార్డులు అమ్మే ఒకతను రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటు నుంచి ఆస్తి దస్తావేజులు దింపుకుని, వాటిమీదున్న వేలిముద్రలతో రబ్బరు లాంటి పదార్థంతో నకిలీ వేళ్ళు తయారుచేసి, వేలకొద్దీ సిమ్‌లు తెరిచాడు. ఆ తర్వాతి ఏళ్ళలో ఇదే దారిలో బ్యాంకు ఖాతాల్లోంచి డబ్బు లాగిన ముఠాలూ పట్టుబడ్డాయి. ఆ వార్త చదివిన రోజు బీరువాలోంచి మా పొలం కాగితాలు తీసి చూశాను. నాన్న సంతకం చేయగలడు, అయినా నిబంధన ప్రకారం పక్కన బొటనవేలి ముద్ర. ఇన్‌లాండ్ కవరు అంచుల మీద రుద్దిన వేలు అదే. సంకేతపదమైతే మార్చుకోవచ్చు, వేలిని ఎక్కడ మార్చుకుంటాం? ఆధార్ వెబ్‌సైటులో వేలిముద్రలకు తాళం వేసుకునే వీలుందని తెలిసి నాకూ మా వారికీ వేశాను. మా అత్తగారికి వెయ్యబోయి ఆగిపోయాను. ఆవిడ పింఛను వేలిముద్ర మీదే వస్తుంది. ప్రతి నెలా ఆ రోజుకి తాళం తీసి, మళ్ళీ వెయ్యాలి. నేనున్నాను కాబట్టి చేస్తాను. నేను లేని ఇళ్ళల్లో ఎనభై ఏళ్ళ వాళ్ళు ఏం చేస్తారు? జాగ్రత్తగా ఉండండి అని చెప్పడం సులువు. జాగ్రత్త కూడా చదువున్నవాళ్ళకీ, పక్కన మనిషున్నవాళ్ళకీ దక్కేదిగా మారిపోతే?

ఇవన్నీ చెబితే మా చెల్లెలు "మన దగ్గర దాచడానికి ఏముందే, లంకెబిందెలా?" అంటుంది. మా అపార్ట్‌మెంటు గ్రూపులో ఫ్లాటు నెంబరుతో సహా అందరి పుట్టినరోజులూ ప్రకటించే ఉత్సాహం వాళ్ళ గ్రూపులోనూ ఉంది. దానికి జవాబుగా కాకపోయినా, నేను చదివిన ఒక సంగతి ఆమెకి చెప్పాను. 1990లలో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం ప్రభుత్వోద్యోగుల వైద్య రికార్డులను పేర్లు తీసేసి పరిశోధకులకిచ్చింది. అప్పటికి విద్యార్థిని అయిన లతాన్యా స్వీనీ 20 డాలర్లు పెట్టి ఊరి ఓటర్ల జాబితా కొని, రెండూ పక్కపక్కన పెట్టి, గవర్నరు విలియం వెల్డ్ గారి రికార్డు ఏదో పట్టేసింది. ఆమెకు దారి చూపినవి మూడే: పుట్టిన తేదీ, ఆడో మగో, పిన్‌కోడు. ఆ మూడింటితోనే అమెరికా జనాభాలో 87 శాతం మందిని విడిగా గుర్తుపట్టవచ్చని తర్వాత లెక్కకట్టింది. చెల్లెలు విని కాసేపు మాట్లాడలేదు. తర్వాత "మరి గ్రూపులో పెట్టిన పుట్టినరోజు కేకు ఫొటో తీసెయ్యనా?" అంది. నాకు తక్షణం జవాబు తట్టలేదు. పిల్లాడి కేకు ఫొటో కూడా పెట్టుకోలేని బతుకు నేను కోరుకోవడం లేదు.

ఇంతకాలం ఇదంతా నాకు జరిగేదిగానే చూశాను. నా నెంబరు, నా ఆధార్, నా వేలు. నేను ఇతరులకు చేస్తున్నదేమిటో చూడలేదు. ఏదో యాప్ "మీ కాంటాక్టులు చూడనివ్వండి" అని అడిగితే చూడనిచ్చేదాన్ని. అవి నా కాంటాక్టులని ఎవరన్నారు? ఆరేడు వందల మంది నన్ను నమ్మి ఇచ్చిన నెంబర్లు. 2020 చివర్లో హైదరాబాదులో అప్పుల యాప్‌ల కేసులు బయటపడ్డప్పుడు తెలిసింది, అప్పు తీసుకున్నవాళ్ళ ఫోన్లోని పేర్ల జాబితా లాక్కుని, బంధువులకూ స్నేహితులకూ మెసేజ్‌లు పెట్టి పరువు తీశారని. కొందరు ఆ అవమానం భరించలేక ప్రాణాలు తీసుకున్నారు. రుణాలిచ్చే యాప్‌లు ఫోన్లో కాంటాక్టుల జోలికి పోకూడదని రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరులో నిబంధన తెచ్చింది. ఆ వార్తలు చదువుతూ నేను అప్పు యాప్‌లను తిట్టుకున్నాను. నా ఫోన్ తెరిచి చూసుకోవాలని తోచలేదు.

తోచేలా చేసింది మా ఇంట్లో తొమ్మిదేళ్ళుగా పనిచేస్తున్న ఆమె. ఒకరోజు అంట్లు తోమడం అయిపోయాక చేతులు కొంగుకి తుడుచుకుంటూ వంటింటి గుమ్మంలో నిలబడింది. "అమ్మా, ఒక మాటడగనా?" కూతురు నర్సింగ్ పూర్తి చేసింది. ఉద్యోగం సంగతి కనుక్కుందామని తన ఫోన్ నుంచే ఒకచోటికి చేసిందట, కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని, స్పీకరు పెట్టి. అవతలివాళ్ళు ఎత్తగానే "ఎవరు, పనిమనిషి థర్డ్ ఫ్లోరా?" అన్నారట. "వాళ్ళ ఫోన్లో నా పేరు అట్టా పడిందంటమ్మా. అదేదో యాప్ అంట. నా పేరు అట్టా ఎవురు పెట్టారో నాకు తెలీదు. పిల్ల అక్కణ్ణించి లేచెళ్ళిపోయింది." కోపంగా చెప్పలేదు. ఎవరిని అడగాలో తెలియక నన్నడిగింది.

ఎలా జరుగుతుందో నాకు తెలుసు. ఫోన్ రాగానే పేరు చూపించే యాప్‌లు కొన్ని, వాటిని వాడేవాళ్ళ ఫోన్లలో ఎవరి నెంబరు ఏ పేరుతో ఉందో పోగుచేసుకుంటాయి. అలాంటిదొకటి మూడేళ్ళు నా ఫోన్లో ఉంది. ఆమె నెంబరు నా ఫోన్లో ఎలా రాసి ఉందో కూడా తెలుసు. ఆమె నాలుగిళ్ళలో చేస్తుంది, ఇంకెవరి ఫోన్ నుంచైనా వెళ్ళి ఉండవచ్చు. కానీ మూడో అంతస్తులో ఉండేది మేమే. ఆ రోజు ఆమె ముందు ఫోన్ తెరవలేకపోయాను. "కనుక్కుంటాలే" అన్నాను.

ఆ యాప్ తీసేసి, దాని సైటులో ఒక నెంబరుకున్న పేరు తొలగించమని అడిగే పేజీ వెతికాను. ఆమె ఫోన్‌కి వచ్చే ఓటీపీ కావాలంది. అంటే ఆమెకు చెప్పకుండా సరిచేయడం కుదరదు. 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టం తిరగేశాను. సొంత ఇంటి అవసరాలకు ఒక మనిషి పెట్టుకునే వివరాలకు అది వర్తించదు. నా ఫోన్లో నేను ఎవరినేమని రాసుకున్నా చట్టం అడగదు. ఆ రాత్రి కూర్చుని మొదటి నుంచీ చివరిదాకా పేర్లు చదువుకుంటూ పోయాను. గ్యాస్ అబ్బాయి. షుగర్ డాక్టరు. కుట్టుమిషను ముస్లిం ఆవిడ. అప్పు కామేశ్వరి. ఆ చివరిదెవరో ఒక్క క్షణం గుర్తురాలేదు. ఎప్పుడో పిల్లాడి ఫీజుకి నా దగ్గర రెండువేలు చేబదులు తీసుకుని, నెలలోపే తెచ్చిచ్చిన స్నేహితురాలు. ఆమె అప్పు తీరింది, నా ఫోన్లో మాత్రం తీరలేదు.

మర్నాడు మా ఇంట్లో పనిచేసే ఆమె రాగానే చెప్పాను, అది నా ఫోన్ నుంచే పోయి ఉండొచ్చని. గిన్నెల దగ్గర వంగినది వంగినట్టే కాసేపు ఉండిపోయింది. కుళాయి కట్టేసి, "మీరా అమ్మా?" అంది. ఇంకేమీ అనలేదు. పని ముగించాక నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది, తొమ్మిదేళ్ళలో మొదటిసారి. ఓటీపీ వచ్చింది, తనే చదివింది. ఆ పేరు పోయినట్టు తెర మీద వచ్చేదాకా కదల్లేదు. తర్వాత నా ఫోన్లో ఏమని రాయమంటావని అడిగాను. ఇంటిపేరు చెప్పింది, తర్వాత తన పేరు, రెండూ విడివిడిగా. నేను రాసినదాన్ని నా చేతిలోంచి ఫోన్ తీసుకుని చూసి, ఒక దీర్ఘం తప్పుందని దిద్దించింది.

ఆ పేరు ఇక్కడ రాయడం లేదు. రాయొచ్చా అని ఆమెను అడగలేదు.